తెర మీద తలకాయలు తెగిపోతున్నాయి: పాత సినిమాను సరిగ్గా వేయించడం ఎట్లా?

పొద్దుటూరు పాతరీలు:

అన్నలకు, పెద్దలకు నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

మా నాయన ముప్పై ఏళ్ళ దాకా సినిమా ఆపరేటరు. పొద్దుటూరులో మొదలుపెట్టి చుట్టుపక్కల రెండు మూడు ఊర్లలో చేసినాడు. హాళ్ళకు డిజిటల్ వచ్చాక ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు 74 ఏళ్ళు. టీవీలో పాత సినిమా వస్తే తల కూడా తిప్పడు. ‘ఆ డబ్బాలో ఏం కనపడతాదిరా’ అంటాడు. అట్లాంటి మనిషిని పోయిన నెల బతిమాలి మా జిల్లాలోనే ఒక హాలుకు తీసుకుపోయినా. పాత నలుపు తెలుపు సినిమా ఒకటి శుభ్రం చేసి కొత్తగా వేస్తున్నారన్నారు, ఒకే ఒక్క మార్నింగ్ షో. హాలు పేరు, ఊరి పేరు వద్దులెండి. ఈ రోజుల్లో అట్లాంటి సినిమా వేసిందే గొప్ప.

టైటిల్స్ పడుతుండగానే నాయన సీట్లో ముందుకు జరిగినాడు. పైవరుస పేర్లు లేవు, వాటి కింద వేలాడే ఒత్తులు మాత్రం కనపడుతున్నాయి. తర్వాత హీరో వచ్చినాడు, కనుబొమల పైన ఏమీ లేదు. హీరోయిన్ నిలబడితే కొప్పు లేదు. రాజుగారు సింహాసనం మీద కూర్చుంటే కిరీటమూ లేదు, పాదాలూ లేవు. మిగతా జనం ఏమీ అనుకోలేదు, పాత సినిమా అంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నట్టున్నారు. నాయన మాత్రం సినిమా చూడ్డం మానేసి మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ కూర్చున్నాడు. ‘ఏంది నాయనా’ అంటే ‘తలకాయలు యాడికి పోయినాయో చూస్తాండా’ అన్నాడు. కోపంతో ఎగతాళి చేస్తున్నాడనుకున్నా. ఇంటర్వెల్‌కు లేచి బయటికి వచ్చేసినాడు. బండెక్కే ముందు ఒకే మాట అన్నాడు: ‘గీతలన్నీ తుడిచి, తలకాయలు నరికినారు కదరా.’

దారి పొడుగునా మళ్ళీ మాట్లాడలేదు. నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇప్పుడు నా సందేహాలు. తలలు తెగింది సినిమాను బాగు చేసినవాళ్ళ దగ్గరా, హాల్లోనా? రెండోది, మా ఇంటి అటక మీద మూడు రేకు డబ్బాలు ఉన్నాయి. నాయన తెచ్చిపెట్టినవే. ఒకదాని మూత తీస్తే చెడిపోయిన ఊరగాయలాగా గుప్పున పుల్ల వాసన, కళ్ళు మండినాయి. వాటిని ఏం చేయాలి? మూడోది అసలు సంగతి. దసరాకు మా ఊర్లో ఎంత సందడి ఉంటుందో మీకు తెలుసు, చుట్టాలంతా దిగుతారు. ఆ పది రోజుల్లో ఒక పొద్దున మన సీమవాళ్ళు తీసిన సినిమా ఒకటి నాయనకు పెద్ద తెర మీద పూర్తి బొమ్మతో చూపించాలి. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు మా కడప జిల్లావాళ్ళు, కె.వి. రెడ్డిది తాడిపత్రి. మద్రాసు పోయి అంత పని చేసినారు. వాళ్ళ సినిమా వాళ్ళ జిల్లాలో చూద్దామంటే ఎవరిని అడగాలో కూడా తెలీదు. ఖర్చు నేను, ఇంకో నలుగురు పెట్టుకుంటాం.

కార్బన్ కడ్డీ, ఆదోని:

అబ్బాయ్, మీ నాయన కోపంతో అనలేదు. నిజంగానే తలకాయల్ని వెతుక్కున్నాడు. ఇంటికి పోయి అడుగు, తెర పైన గోడ మీదో నల్లగుడ్డ మీదో వెలుతురు కదలాడుతూ కనపడిందా అని. కనపడింది అంటాడు. తలకాయలు ఆడున్నాయి.

నేనూ ఆపరేటర్‌నే, ఆదోనిలో. పాత సినిమా బొమ్మ దాదాపు చదరం. ఎత్తు ఒక అడుగు అనుకుంటే వెడల్పు అడుగు మీద నాలుగున్నర అంగుళాలు. మా కాలంలో మిషన్ గేటు దగ్గర ఒక రేకు ప్లేటు ఉండేది, మధ్యలో కిటికీలాగా కోసి ఉంటుంది. ఏ కొలత సినిమాకు ఆ ప్లేటు, ఆ లెన్సు. మా క్యాబిన్ ఎత్తులో, తెర కింద, అందుకని బొమ్మ కిందికొచ్చేకొద్దీ వెడల్పయ్యేది. కొత్త ప్లేటు వస్తే ఆకురాయితో నేనే కొంచెం కొంచెంగా రాసి, తెరమీద వేసి చూసి, మళ్ళీ రాసి, అంచులు నిటారుగా వచ్చేదాకా సరిచేసేవాణ్ణి. ఒకసారి ఎక్కువ రాసేసి ఓనరుతో తిట్లు తిన్నా, అది వేరే సంగతి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోపుగా వచ్చింది. అట్లాంటి వెడల్పు సినిమాలకు హాళ్ళు తెరలే మార్చుకున్నాయి. అప్పటినుంచి పాత బొమ్మ వేస్తే రెండు పక్కలా నల్లగుడ్డ దగ్గరికి లాగాల్సి వచ్చేది. బద్ధకస్తులు లాగేవాళ్ళు కాదు.

ఇప్పటి మిషన్‌లో ప్లేటు లేదు, బటన్లు ఉన్నాయి. ఒకటి ఫ్లాట్, అంటే తక్కువ వెడల్పు బొమ్మకు; ఒకటి స్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మకు. పాత సినిమా కాపీని ఫ్లాట్ చట్రంలో మధ్యన కూర్చోబెట్టి, రెండు పక్కలా నలుపు వదిలి పంపుతారు. మీ హాల్లో అంతకుముందు రోజు కొత్త సినిమా స్కోప్‌లో వేసుంటారు. ఆ పిల్లోడు బటన్ మార్చకుండా అట్లే ప్లే నొక్కేసినాడు. అప్పుడు బొమ్మ పెద్దదై పైనా కిందా తెర దాటిపోతుంది. మీరు చెప్పిన గుర్తులు చూస్తే అంతే. తలలతో పాటు పాదాలు కూడా పోయినాయంటివి కదా.

ఆ డబ్బాల సంగతి మాత్రం జాగ్రత్త నాయనా. పాత రీలంటే పెట్రోలే. అటక మీద పెట్టుకోవద్దు, ఊరి బయట పారేయ్.

ఊరికే చూసిపోతా, కర్నూలు:

ఇంత రాద్ధాంతం ఎందుకు బాస్. అవన్నీ ఫోన్లో ఫ్రీగా ఉన్నాయి. టీవీకి కనెక్ట్ చేసి మీ నాయనకు చూపించు. 4కే రీరిలీజ్ అంటే తెర ముందు పేపర్లు చింపి ఎగరేసే గోల తప్ప ఏముంది. 1950ల సినిమాకు మీ ఊర్లో పదిమంది వస్తే గొప్ప.

పొద్దుటూరు పాతరీలు:

పదిమంది వచ్చినా చాలు అన్నా. మా నాయన ఒకడు వచ్చినా చాలు.

ఆదోని పెద్దాయనా, మీ కాళ్ళకు దండం. ఇప్పుడే పోయి అడిగినా. ‘నల్లగుడ్డ మీద కిరీటం నిలబడి ఉండె, నీకు కనపళ్ళేదా?’ అన్నాడు. పక్కనే కూర్చున్నా, నాకు కనపళ్ళేదు.

స్కానర్ దగ్గర కడపోడు:

నేను కడప, హైదరాబాదులో పోస్ట్ ప్రొడక్షన్‌లో పనిచేస్తా. పాత ఫిల్ములు స్కాన్ చేసి శుభ్రం చేయడమే నా రోజువారీ పని. ఆదోని మామ చెప్పిన బటన్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. డబ్బాల సంగతి మాత్రం కొంచెం సరిచేస్తా, ఆయన ఏమీ అనుకోకూడదు.

పెట్రోలులాగా మండేది నైట్రేట్ ఫిల్ము. 1950ల మొదట్లో దాని తయారీ ఆగిపోయింది, తర్వాత వచ్చిందంతా సేఫ్టీ ఫిల్ము. నైట్రేట్ ఎంత ప్రమాదమో చెప్పడానికి 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదం చాలు, నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ దాచిన నైట్రేట్ రీళ్ళు వేలల్లో బూడిదైపోయాయి. మీరు చెప్పిన మీ నాయన వయసు బట్టి ఆయన పనిలో చేరేసరికి తిరుగుతున్నదంతా సేఫ్టీనే. అయినా చూసుకోండి. ఫిల్ము అంచున, రంధ్రాల పక్కన సన్నటి అక్షరాలుంటాయి. కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే ఇంగ్లీషులో సేఫ్టీ అని ఉంటుంది. ఊటీలో మన ప్రభుత్వ కంపెనీ తయారుచేసిన ఫిల్ము అయితే ఇందు అని కూడా ఉండొచ్చు. అగ్గిపుల్ల గీసి పరీక్ష మాత్రం చేయొద్దు దయచేసి.

ఆ పుల్ల వాసన వెనిగర్‌దే. సేఫ్టీ ఫిల్ము పెట్రోలులాగా మండదు గానీ కుళ్ళుతుంది. దాని ఆధారం సెల్యులోజ్ ఎసిటేట్. వేడి, తేమ తగిలితే అందులోంచి ఎసిటిక్ యాసిడ్ బయటికి వస్తుంది, వచ్చిన యాసిడ్ మిగతా ఫిల్మును ఇంకా తొందరగా తింటుంది. ఒకసారి మొదలైతే ఆగదు, నిదానం చేయగలం అంతే. మన ఎండల్లో రేకు డబ్బా, అటక మీద! అంతకంటే చెడ్డ చోటు లేదు. వాసన వచ్చే డబ్బాను మిగతా రెండింటికీ దూరంగా పెట్టండి, మూత బిగించొద్దు, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో నేల మీద కాకుండా బల్ల మీద ఉంచండి. గట్టిగా విప్పే ప్రయత్నం చేయొద్దు. పొరలు అంటుకొని ఉంటే బొమ్మ ఉన్న పూత లేచి వచ్చేస్తుంది, తడిసిన అప్పడాల కట్టను విడదీసినట్టు.

బాగు చేయడం గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే చాలామంది రంగులద్దడాన్ని, బాగు చేయడాన్ని ఒకటే అనుకుంటారు. ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేసి, శబ్దం డీటీఎస్ చేసి వదిలారు. బాగానే చూశారు జనం. కానీ ‘లాహిరి లాహిరి’లో ఆ వెన్నెల మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లోనే పుట్టించింది. దానికి నీలం పూస్తే అది ఇంకో సినిమా. మేం చేసేది వేరే పని. ముందు నెగటివ్ దొరకాలి. అది లేకపోతే నెగటివ్ నుంచి తీసిన నకలు, అదీ లేకపోతే హాళ్ళలో తిరిగి తిరిగి వచ్చిన ప్రింటు. దొరికినదాన్ని చేత్తో అంగుళం అంగుళం చూసి, చిరిగిన రంధ్రాలు అతికి, పాత అతుకులు ఊడితే మళ్ళీ వేసి, కడిగి, అప్పుడు స్కానర్ ఎక్కిస్తాం. సెకనుకు 24 బొమ్మలు. మూడు గంటల సినిమా అంటే 2,59,200 బొమ్మలు, 16 వేల అడుగుల పైచిలుకు ఫిల్ము. సాఫ్ట్‌వేర్ దుమ్ము చుక్కల్ని చాలావరకు తీసేస్తుంది. కానీ దానికి తెలివి లేదు. ఒకసారి ఒక డాన్సు సీన్లో దుమ్మనుకొని ముక్కుపుడక మెరుపును తుడిచేసింది. ఆ అమ్మాయి తల తిప్పినప్పుడల్లా మెరవాల్సింది మెరవలేదు. రాత్రి పదకొండింటికి పట్టుకున్నా, మూడువందల ఫ్రేములు వెనక్కి పోయి మెరుపు మళ్ళీ తెచ్చి పెట్టినా.

అసలు బాధ దొరకనివాటి గురించి. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఇప్పుడు చూద్దామంటే లేదు. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. ఆడిన తర్వాత ప్రింట్లను వెండి కోసం కరిగించుకున్నారు.

కర్నూలు అన్నకు ఒక మాట: 1964 నాటి తమిళ ‘కర్ణన్’ను శుభ్రం చేసి 2012లో వదిలితే చెన్నైలో వంద రోజులు దాటి ఆడింది. పదిమందితోనే ఆడిందంటావా?

పొద్దుటూరు పాతరీలు:

ముక్కుపుడక సంగతి నాయనకు చదివి వినిపించినా. ‘ఆ పిల్లోడు మంచోడు, అన్నం పెట్టాల’ అన్నాడు. దసరాకు కడప వస్తే మా ఇంటికి రా అన్నా.

అనంతపురం మేష్టరు:

మూడో ప్రశ్నకు నేను చెప్తాను. మా కాలేజీలో అప్పుడప్పుడు పిల్లలకు పాత సినిమాలు వేయించి చేతులు కాల్చుకున్న అనుభవం ఉంది.

మీరు ఏ సినిమా అని చెప్పలేదు. బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ అడుగుతారేమో అనుకుంటున్నాను, మీది కడప జిల్లా కాబట్టి. నా సలహా: ముందు ‘మాయాబజార్’ కోసం ప్రయత్నించండి. కారణం అభిమానం కాదు, దొరికే అవకాశం. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు దేశంలో చాలా ఊర్లలో ఆయన సినిమాలు హాళ్ళలో వేశారు. అందులో ‘మాయాబజార్’ ఉంది. అంటే హాల్లో వేయదగిన కాపీ ఒకటి ఎక్కడో ఉంది. లేనిదాన్ని వెతకడం కంటే ఉన్నదాన్ని అడగడం సులువు. పైగా అది తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి, మా జిల్లా, నాకూ కొంచెం స్వార్థం ఉంది.

హక్కుల విషయంలో మనవాళ్ళు తప్పులో కాలేస్తారు. మన చట్టంలో సినిమాకు హక్కు 60 ఏళ్ళు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్క. 1957 సినిమా 2017తో అయిపోయింది. కాబట్టి మనిష్టం అనుకోవద్దు. మాటలు, పాటల హక్కు రాసినాయన పోయిన తర్వాత 60 ఏళ్ళు లెక్కేస్తారు. ‘మాయాబజార్’కు అవి రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. ఇంకా ముఖ్యం, చట్టం ఏం చెప్పినా కాపీ ఉన్న హార్డ్ డిస్క్ ఒకరి బీరువాలో ఉంటుంది, వాళ్ళు ఇస్తేనే మీకు సినిమా. అందుకని ముందు పుణేకు, ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి. 2022 నుంచి అది కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్.ఎఫ్.డి.సి. కిందికి వచ్చింది. ముంబైలోని ఫౌండేషన్‌కూ రాయండి. ఏ తేదీ, ఏ హాలు, ఎన్ని సీట్లు, టికెట్టు పెడుతున్నారా లేదా, అన్నీ రాయండి. ‘పాత సినిమాలంటే ప్రాణం’ అని రెండు పేజీలు రాస్తే జవాబు రాదు. నాకు రాలేదు.

కాపీ వచ్చాక తాళం సంగతి ఉంటుంది. హాలు సర్వర్ నంబరు ముందే పంపితే, ఆ సర్వర్‌కు, ఆ గంటలకు మాత్రమే పనిచేసే డిజిటల్ తాళంచెవి పంపిస్తారు. ఒకసారి మేం మధ్యాహ్నం షోకు తాళంచెవి తీసుకొని, హాలువాళ్ళు సాయంత్రానికి జరిపితే, నూటయాభై మంది పిల్లలు నల్లటి తెర ముందు సమోసాలు తిని ఇంటికి పోయారు. కాబట్టి అటూ ఇటూ రెండేసి గంటలు ఎక్కువ అడగండి. ముందు రోజు రాత్రి సెకండ్ షో అయిపోయాక పది నిమిషాలు వేసి చూసుకోండి. ఆ పది నిమిషాలు మీ నాయనను పక్కన కూర్చోబెట్టండి.

పొద్దుటూరు పాతరీలు:

చాలా రోజులకు మళ్ళీ రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

ముందు డబ్బాల సంగతి. నాయనను కూర్చోబెట్టి మెల్లగా అడిగితే నవ్వినాడు. పుల్ల వాసన వచ్చేదాంట్లో ఉన్నది సినిమా కాదంట, ప్రతి షోకు ముందు వేయాల్సిన ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రం. ఏదో వరద, ఏదో మంత్రిగారి ప్రారంభోత్సవం. పైపొర అంచున సేఫ్టీ అనే ఉంది. కడప అన్న చెప్పినట్టే బల్ల మీద విడిగా పెట్టినా. రెండో దాంట్లో ఒక సినిమా నాలుగో రీలు, ఏ సినిమానో ఆయనకే గుర్తులేదు. ‘ఆడని సినిమా, డిస్ట్రిబ్యూటర్ వెనక్కి కూడా తీసుకుపోలేదు’ అన్నాడు. మూడో డబ్బాలో ఫిల్మే లేదు. గుడ్డలో చుట్టిన నాలుగు రేకు ప్లేట్లు, ఒక ఆకురాయి. ఆదోని పెద్దాయన చెప్పిన ప్లేట్లే! ఒకదాని అంచు వేలితో తడిమితే కింది వైపు కొంచెం వాలుగా రాసి ఉంది.

మేష్టరు చెప్పినట్టే ‘మాయాబజార్’ కోసం రెండు చోట్లకూ ఉత్తరాలు రాసినా. ఒకచోటి నుంచి వివరాలు అడుగుతూ జవాబు వచ్చింది, సర్వర్ నంబరు పంపినా, ఇంకా మాట నడుస్తోంది. ఈలోగా మా ఊరి హాలు మేనేజరును కలిసినా. మంచోడు. నాయనను క్యాబిన్‌కు తీసుకుపోయినా, మెట్లు ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగినాడు. లోపల ఏసీ చల్లగా ఉంది, పాత మిషన్ దీపంలో కార్బన్ కడ్డీ కాలే వాసన లేదు, ఒక పెద్ద బీరువాలాంటి మిషన్, దాని పక్కన ఇరవై రెండేళ్ళ పిల్లోడు ఫోన్ చూసుకుంటా ఉన్నాడు. నాయన నిలబడి ఒకే ప్రశ్న వేసినాడు: ‘అబ్బీ, ఫ్లాట్ యాడుంది?’ పిల్లోడు చూపించినాడు. నొక్కమన్నాడు. లెన్సు దానంతట అది గిర్రుమని తిరిగి, కింద తెర మీద పరీక్ష గీతలు లోపలికి ముడుచుకున్నాయి. నాయన ఆ చిన్న అద్దంలోంచి చాలాసేపు చూసి, ‘ఎడమ పక్క కిందికి వాలింది, ఒక వేలు’ అన్నాడు. పిల్లోడు నమ్మలేదు. కిందికి పోయి టేపు పెట్టి కొలిచొచ్చినాడు. ఆ తర్వాత తాతా అని పిలవడం మొదలుపెట్టినాడు.

మేనేజరుకు ఒకటే షరతు. మూడు గంటల సినిమా కదా, ఇంటర్వెల్ లేకుంటే క్యాంటీన్‌వాడు ఊరుకోడంట. ఎక్కడ ఆపాలో నాయన చీటీ రాసి ఇచ్చినాడు, తొమ్మిదో రీలు చివర అని. డిజిటల్లో రీళ్ళు ఉండవు తాతా అని ఆ పిల్లోడు అంటే, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము లెక్కన అడుగుల్ని 90తో భాగించి గంటా నిమిషాలు వేసి మళ్ళీ రాసినాడు. ఇచ్చేటప్పుడు మేనేజరుతో అన్నాడు, ‘వివాహ భోజనంబు’ ఇంటర్వెల్‌కు ముందే వచ్చుంటే నీ క్యాంటీన్‌లో వడలు మిగిలేవి కావు, ఏం చేద్దాం, అది తర్వాత వస్తుంది.